కొట్టివేతలు

పాతికేళ్లుగా నా ఉద్యోగమంతా ఇతరుల రాతల్లో మాటలు కొట్టేయడమే. అందుకేనేమో ఇంగ్లీషు సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ చిత్తుప్రతుల ఫొటోలు చూస్తే, చూపు ముందుగా గీతల మీదికే పోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబర్ 4న, ఫ్రాన్స్‌లో ఒక కాలువ దాటుతుండగా పోయాడాయన. అప్పటికి వయసు 25. అచ్చయినవి ఐదే కవితలు. అంతకు ముందు ఏడాది ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో మరో కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ పరిచయమయ్యాడు. ఓవెన్ కవిత 'ఆంథెమ్ ఫర్ డూమ్డ్ యూత్' చిత్తు మీద ఆ పెద్దాయన దిద్దుబాట్లు ఇప్పటికీ చదవొచ్చు.

నాకు మాత్రం 'డల్సె ఎట్ డెకోరమ్ ఎస్ట్' కాగితాలంటే మోజు. అంకితం మొదట జెస్సీ పోప్ పేరిట. కుర్రాళ్లను యుద్ధానికి ఉసిగొల్పుతూ పత్రికల్లో పద్యాలు రాసిన మనిషి ఆవిడ. ఇంకో ప్రతిలో ఆ పేరు లేదు, 'ఒకానొక కవయిత్రికి' అని మాత్రమే ఉంది. అచ్చులో అంకితమే లేదు. కోపం చల్లారిందని నేననుకోను. ఆవిడొక్కర్తినే తిడితే మిగతావాళ్లంతా తప్పించుకుపోరూ!

గీత కింద మాట కనబడేలా కొట్టడం మా వృత్తిలో మర్యాద. ఓవెన్ తమ్ముడు హెరాల్డ్ అది పాటించలేదు. అన్న ఉత్తరాల్లో నచ్చని చోటల్లా సిరా పులిమాడు, కొన్నిచోట్ల కత్తెరే వేశాడు. 1967లో జాన్ బెల్‌తో కలిసి ఆ ఉత్తరాల సంపుటి తెచ్చిందీ ఆయనే! తల్లి సూజన్ కూడా ఒక సంచెడు కాగితాలు తగలబెట్టింది. కానీ ఆ పని చెయ్యమన్నది కొడుకే, ఆమెనేమీ అనలేను. హెరాల్డ్‌ని ఎవరు అడిగారు?

మిగిలిన ఉత్తరాల్లో 500కు పైగా తల్లికి రాసినవే. ఆమె వాటిని పదిలంగా దాచింది. 1920లో తానే ఒక ఉత్తరం టాగూర్‌కి రాసింది. చివరిసారి ఇల్లు వదిలేటప్పుడు కొడుకు మీ కవితలోని మాటలు చెప్పి వెళ్లాడనీ, తర్వాత ఇంటికి చేరిన అతని జేబు పుస్తకంలో అవే మాటలు, కింద మీ పేరుతో సహా కనిపించాయనీ. ఆ కవిత మొత్తం ఏ పుస్తకంలో దొరుకుతుందో చెప్పగలరా అని అడిగింది.