శిలాజ మొకచోట, శాస్త్ర మొకచోట

2020 డిసెంబరులో ‘క్రెటేషియస్ రిసెర్చ్’ అను పత్రికయందు ఒక వ్యాసము వెలువడినది. బ్రెజిల్ ఈశాన్య భాగమున, అరారిపె ప్రాంతములో లభించిన ఒక చిన్న డైనోసారును బ్రిటన్, జర్మనీ, మెక్సికో శాస్త్రజ్ఞులు అందు వర్ణించి, ‘ఉబిరజారా’ అని పేరిడిరి. కోడి ప్రమాణము గల ఈ జంతువు సుమారు 11 కోట్ల సంవత్సరముల నాటిది. మెడపై జూలు, భుజములనుండి వెలువడిన పట్టీలవంటి బిరుసైన తంతువులు దీని విశేషములు. వర్ణన మెచ్చదగినదే.

అయినను రచయితలలో బ్రెజిల్ శాస్త్రజ్ఞు డొక్కడును లేడు. శిలాజ మప్పుడు జర్మనీలోని కార్ల్స్‌రూహె మ్యూజియములో నుండెను. శిలాజములు ప్రభుత్వపు సొత్తని బ్రెజిల్ 1942లోనే శాసించినది. విదేశీయుల సేకరణలో బ్రెజిల్ సంస్థ యొకటి పాల్గొనవలెనని 1990 నాటి నిబంధన. 1995లో అనుమతితోనే శిలాజము వచ్చినదని రచయితలు చెప్పిరి. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. పత్రిక వ్యాసమును ఉపసంహరించుకొన్నది. 2023 జూన్‌లో శిలాజము స్వదేశము చేరినది.

దీనిని సొత్తు తగాదాగా మాత్రమే చూచుట పొరపాటు. అరారిపెలో మన నాపరాళ్ళవలె పలకలుగా చీలు సున్నపురాతిని గనులలో తీయుదురు. వాటిలో శిలాజములు బయటపడును. శిలాజము సగము సాక్ష్యము. అది దొరికిన పొర మిగిలిన సగము. ఏ గని, ఏ పొర, ప్రక్కన ఏ జీవులు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఆ నేలపై ఏండ్ల తరబడి పనిచేయు స్థానికులే. వారిని విడిచిన పరిశోధన తన సాక్ష్యమునే పోగొట్టుకొనును. ఇచట వ్యాసము పోయినది. దానితోపాటు పేరును నిలువలేదు.

స్థానికులకు నైపుణ్యము చాలదను వారు గలరు. వారికి మన గోదావరి లోయయే సమాధానము. 1957లో మహలనోబిస్ ఆహ్వానముపై లండనునుండి పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, యువకులకు శిలాజ పరిశోధనలో తరిఫీదు నిచ్చినది. ప్రాణహిత–గోదావరి లోయను గూర్చి 1962లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన వ్యాసమున ఆమె పేరుతోబాటు జైన్, రాయ్ చౌధురి అనువారి పేర్లున్నవి. ఆ లోయలో దొరికిన పెద్ద డైనోసారు బారాపాసారసును 1975లో వర్ణించిన నలుగురును భారతీయులే. దాని అస్థిపంజరము కలకత్తాలోనే యున్నది.

కాని పేరుకొక స్థానికుని పేరు చేర్చినంతమాత్రమున న్యాయము జరుగదు. ప్రశ్నను రూపొందించుటలో, త్రవ్వుటలో, పరీక్షించుటలో వారికి భాగ ముండవలెను. ఉపాధ్యాయులు ఇట్టి వార్తను తరగతిలో చెప్పునపుడు రెండు ప్రశ్నలు గూడ వేయింపుడు: నమూనా ఇపు డెక్కడ నున్నది? దానిని ఆ ఊరి విద్యార్థి చూడగలడా?