నూతిలోని గొంతుక, నడిబజారు గొడవ: ఆధునిక తెలుగు కవిత్వంలో నిరాశ - ఆశాచ్ఛాయలు

ఆధునిక తెలుగు కవిత్వంలోని నిరాశపై మన పరిశోధనలు చాలావరకు ఒకే పద్ధతిని అనుసరిస్తున్నాయి. చీకటి, శ్మశానం, కన్నీరు వంటి పదచిత్రాలను నిరాశ కింద, ఉదయం, మొలక, జెండా వంటివాటిని ఆశ కింద వర్గీకరించి, ముగింపు ఎటు మొగ్గితే కవిని ఆ వాదానికి అప్పగిస్తున్నాయి. ఈ లెక్కలో ఎక్కువగా నష్టపోయిన కవి ఆలూరి బైరాగి (1925–1978). నిరాశావాది అన్న ముద్ర ఆయనను చదవకుండా పక్కన పెట్టడానికి అనువైన సాకుగా మారింది.

భరతుడు నిర్వేద విషాదాలు రెండింటినీ వ్యభిచారిభావాలలో చేర్చాడు. అంటే అవి వచ్చి పోయేవి. మమ్మటుడు నిర్వేదాన్ని శాంతరసానికి స్థాయిగా అంగీకరించినా, ఆ నిర్వేదం తత్త్వజ్ఞానజన్యం. ఆధునికుని నిరాశ ఈ రెండు చోట్లా ఇమడదు. అది వచ్చి పోదు, శాంతినీ ఇవ్వదు. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925)లో దుఃఖానికి తనను తాను ఆస్వాదించుకునే వెసులుబాటు ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన ‘నూతిలో గొంతుకలు’ (1955)లో ఆ వెసులుబాటు లేదు.

ఈ కావ్యంలో బైరాగి హామ్లెట్, అర్జునుడు, రాస్కల్నికోవ్‌ల చేత మాట్లాడించాడు. ఈ ఎంపికను మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మొదటి ఇద్దరూ ఒక కార్యానికి ముందు నిలబడి సంశయిస్తున్నవారు. మూడవవాడు హత్య చేసి, దాని వెనుక నిలబడినవాడు. ముగ్గురినీ కలిపేది చేతకానితనం కాదు, చేయబోయే పనికీ చేసిన పనికీ తామే జవాబుదారులమన్న ఎరుక. గీతలో అర్జునుని విషాదం తర్వాత ఇంకా పదిహేడు అధ్యాయాలున్నాయి. బైరాగి ఆ సమాధానం దగ్గరికి తొందరపడడు, ప్రశ్న దగ్గరే ఆగుతాడు. జవాబుదారీ ఉన్నచోట నిరాశ సంపూర్ణం కాదు. పైగా నూతిలోంచి వచ్చేది మౌనం కాదు, గొంతుక. ఒడ్డున ఎవరో ఉన్నారన్న నమ్మకం ఏ కాస్తా లేనివాడు గొంతెత్తడు.

కాళోజీ నారాయణరావు (1914–2002) విషయంలో జరిగింది దీనికి విపర్యయం. హనుమకొండలో ఆయన పేరిట కళాక్షేత్రం వెలిసింది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ ఉత్సవాల నడుమ ఆయన నిరాశ మనకు వినిపించడం మానేసింది. నిజాం పాలనలో జైలు అనుభవించిన కవి, ఆ పాలన పోయిన తర్వాత, 1953లో, తన సంపుటికి ‘నా గొడవ’ అని పేరు పెట్టాడంటే స్వాతంత్ర్యం ఆయన గొడవను తీర్చలేదన్నమాటే. విశాలాంధ్రను సమర్థించి, ఆ తర్వాత ప్రత్యేక తెలంగాణ వైపు నిలిచిన జీవితంలో ఆశాభంగం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆయన దాన్ని విలాపంగా రాయలేదు. విలాపం ఒంటరిగా సాగుతుంది, గొడవకు ఎదుటి మనిషి కావాలి. ‘నా’ అన్నది సొంతం, ‘గొడవ’ అన్నది పదిమందిలోది. ఈ పేరును ఆత్మకథాత్మకంగా మాత్రమే చూసే వ్యాఖ్యలు ఆ రెండవ పదాన్ని వదిలేస్తున్నాయి. ఆయన నిత్యవ్యవహార భాషను ఎంచుకోవడంలోనూ ఇదే కనిపిస్తుంది. తిట్టినా, నిలదీసినా వినేవాడికి తెలిసిన మాటలోనే.

అయితే కాళోజీలోనూ అన్ని కవితలూ ఈ స్థాయివి కావు. ఎదుటివాడు మనిషిగా కాక ప్రభుత్వమనో, నాయకుడనో ఒట్టి పేరుగా మిగిలిన చోట్ల గొడవ నినాదమవుతుంది. అక్కడ ముగింపులో ఎంత వెలుగు కనిపించినా, ఆ వెలుగు కవి బయటినుంచి తెచ్చి పెట్టిందే. బైరాగి నూతిలో అటువంటి వెలుగు ఒక్కటీ లేదు.