బొమ్మరైలు పట్టు: అయస్కాంతపు గుణదోషములు

బొమ్మరైలు ఎత్తున ఆగిపోయినప్పుడు మొదట ఇంజను చక్రములను చూడవలెను. అవి తిరుగకున్నచో లోపము విద్యుత్తుదో, మోటారుదో కావచ్చును. చక్రములు తిరుగుచున్నను బండి కదలకున్నచో లోపము పట్టుది. పట్టునకు మూలము ఘర్షణ. ఘర్షణ గుణకమును, చక్రము పట్టాను నొక్కు బలమును గుణించినచో దాని పరిమితి తెలియును.

ఇంజనులో సీసపుముక్క ఉంచుట అందరెరిగిన చిట్కా. నొక్కుడు పెరుగును, కాని ఆ బరువును గూడ ఇంజనే ఎత్తునకు ఎక్కించవలెను. చక్రమునకు రబ్బరుపట్టీ తొడిగిన గుణకము పెరుగును. కాని రబ్బరు విద్యుద్బంధకము గనుక ఆ చక్రము పట్టానుండి విద్యుత్తును గ్రహింపజాలదు.

బ్రిటనులో ట్రయాంగ్ కంపెనీ 1960 దశకమున ‘మాగ్నడ్హీషన్’ అను పేర మూడవ మార్గము చూపెను. ఇంజను అడుగునగల అయస్కాంతము దానిని ఉక్కుపట్టాకు అదిమి, బరువు అంతగా పెంచకయే నొక్కుడు పెంచును. యోచన మెచ్చదగినదే. కాని రాగి, నికెలు, జింకుల మిశ్రమమగు ‘నికెల్ సిల్వర్’ పట్టాలపై అది నిష్ప్రయోజనము. పైగా ఇనుపరజను నాకర్షించి పండ్లచక్రములకు చేటు తెచ్చును.

కావున ఉపాధ్యాయుడు చిట్కా చెప్పుటకు ముందు విద్యార్థిచే పట్టాను పరీక్షింపజేయుట మేలు. లోపము నూనెమరకయే యైనచో, శుభ్రమైన గుడ్డ చాలును.