నికెల్ గీటురాయి

లోహానికీ, దాన్ని అంటిపెట్టుకునే అణువుకీ, అంటే లిగాండ్‌కీ మధ్య బంధం ఎలాంటిదో తెలియాలంటే ఆ బంధాన్నే కొలవాలని ఎవరికైనా తోస్తుంది. చాడ్విక్ టోల్మన్ అలా చేయలేదు. విల్మింగ్టన్‌లోని డ్యూపాంట్ పరిశోధనశాల నుంచి 1970లో ఆయన వెలువరించిన పద్ధతిలో కొలిచేది లోహానికి అవతలి పక్కనున్న వేరే బంధాన్ని. ఆ ఎంపికలోనే ఆయన పనితనమంతా ఉందని నా నమ్మకం.

నికెల్ పరమాణువుకు మూడు కార్బన్ మోనాక్సైడ్‌లు ఉంటాయి. నాలుగో స్థానంలో మనం పరీక్షించదలచిన ఫాస్ఫీన్, అంటే ఫాస్ఫరస్‌తో లోహాన్ని పట్టుకునే లిగాండ్, ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ తన ఎలక్ట్రాన్ జంటను నికెల్‌కు ఇస్తుంది. నికెల్ తన ఎలక్ట్రాన్లను కొంతమేర దానికి తిరిగిస్తుంది. అలా వెనక్కి వెళ్లిన ఎలక్ట్రాన్లు చేరేది కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని సడలించే ఆర్బిటాల్‌లోకి. కాబట్టి ఫాస్ఫీన్ నికెల్‌కు ఎలక్ట్రాన్లను ఎంత ధారాళంగా ఇస్తే ఆ బంధం అంత వదులవుతుంది, దాని కంపనం అంత నెమ్మదిస్తుంది. నికెల్ మీదున్న మూడు కార్బన్ మోనాక్సైడ్‌లూ (కార్బొనిల్‌లూ) ఒకే లయలో సాగి ముడుచుకునే కంపనం పరారుణ వర్ణపటంలో ఒక పదునైన గీతగా కనిపిస్తుంది. చదవాల్సింది ఆ గీత ఒక్కటే. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసినట్టు, టోల్మన్ డెబ్బై ఫాస్ఫరస్ లిగాండ్‌లను నికెల్ మీద గీసి చూశారు.

విడిగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ కంపనం సెంటీమీటరుకు 2143 తరంగాలు. మూడు టెర్షియరీ బ్యూటైల్‌లున్న ఫాస్ఫీన్‌ను నికెల్‌కు తగిలిస్తే ఆ గీత 2056.1కి దిగుతుంది. ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌తో 2068.9. ఫ్లోరిన్‌లు మూడున్న ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్‌తో 2110.8. అన్నిటికన్నా ధారాళమైన మొదటిదాన్ని టోల్మన్ సున్నాగా పెట్టుకుని, ఫాస్ఫరస్ మీదున్న ఒక్కో సమూహానికీ ఒక్కో విలువ కట్టారు: మిథైల్‌కు 2.6, ఫినైల్‌కు 4.3, ఫ్లోరిన్‌కు 18.2. ఇక మిగిలింది కూడిక. రెండు మిథైల్‌లు, ఒక ఫినైల్ ఉన్న ఫాస్ఫీన్‌ను తీసుకోండి. 2056.1కి 2.6, 2.6, 4.3 కలిపితే 2065.6. ప్రయోగంలో కొలిచింది 2065.3! లిగాండ్‌ను తయారు చేయకముందే, కాగితం మీద, దాని గుణం ఇంత దగ్గరగా చెప్పగలగడం నన్ను ఇప్పటికీ ముగ్ధుణ్ని చేస్తుంది.

ఇబ్బంది ముడి పదార్థంతోనే. నికెల్ టెట్రాకార్బొనిల్ 43 డిగ్రీలకే మరిగే ద్రవం, దాని ఆవిరి ప్రాణాంతకం. పైగా ప్రతి లిగాండూ దానితో చక్కగా చర్య జరపదు. 2001లో మోంపెలియే నుంచి ఒడిల్ ఐసెన్‌స్టైన్, యేల్ నుంచి రాబర్ట్ క్రాబ్‌ట్రీ, వారి సహచరులు ఆ గీతను కంప్యూటర్‌తో లెక్కగట్టారు. ముందు అణువు ఆకృతిని సవరిస్తూ పోయి, ఏ పరమాణువు మీదా లాగుడు మిగలని స్థితికి తెస్తారు. ఆ తర్వాత పరమాణువులు కాస్త కదిలితే శక్తి ఎంత నిటారుగా పెరుగుతుందో చూసి, దాన్నుంచి కంపనాలను రాబడతారు. ఇలా వచ్చే సంఖ్యలు అసలు వాటికంటే కొద్ది శాతం ఎక్కువే ఉంటాయి. అయినా అన్ని లిగాండ్‌లకూ ఒకే పద్ధతి వాడితే తప్పు కూడా ఒకే దిక్కుకు పోతుంది. అప్పుడు లెక్కగట్టిన విలువలకూ టోల్మన్ విలువలకూ మధ్య ఒక సరళరేఖ గీస్తే చాలు. విడి సంఖ్య కచ్చితంగా ఉండాలని పట్టుబట్టకుండా వరుసక్రమం చెడకుండా చూసుకున్నారే, మంచి పనివాళ్ల వివేకం అది.

ఈ లెక్క విలువ, ఫాస్ఫరస్‌కు బదులు కార్బన్‌తో లోహాన్ని పట్టుకునే కార్బీన్‌ల దగ్గర తెలిసింది. సీసాలో నిలవ ఉండే స్ఫటిక కార్బీన్‌ను 1991లో ఆర్డుయెంగో బృందం తయారు చేసింది, అదీ డ్యూపాంట్‌లోనే. 2003లో నోలన్ బృందం ఇలాంటి కార్బీన్‌లను నికెల్ టెట్రాకార్బొనిల్‌తో కలిపి చూసినప్పుడు, నైట్రోజన్‌ల మీద టెర్షియరీ బ్యూటైల్ గానీ అడమాంటైల్ గానీ ఉన్నవి మరీ బొద్దుగా ఉండి మూడో కార్బొనిల్‌కు చోటివ్వలేదు. మూడు కార్బొనిల్‌ల గీత లేకపోతే టోల్మన్ కొలతే లేదు. లెక్కకు ఆ అడ్డు లేదు: 2009లో కెనడాలో దిమిత్రి గూసెవ్ 76 కార్బీన్‌లకు ఈ విలువలు గణించి ఇచ్చారు.

గీటురాయినే పరీక్షకు పెట్టినవారూ ఉన్నారు. డాలస్‌లో డీటర్ క్రెమర్, ఎల్ఫి క్రాకా చూపింది ఏమిటంటే, ఆ కంపనం కార్బన్-ఆక్సిజన్ మధ్యే ఉండిపోదు, పక్కనున్న నికెల్-కార్బన్ కదలిక కూడా అందులో కలుస్తుంది. అందుకే వారు కంపనాలను విడదీసి, లోహం-లిగాండ్ బంధం బిగువునే నేరుగా గణించాలన్నారు. ఇది న్యాయమైన విమర్శే, కానీ దీంతో టోల్మన్ సంఖ్య చెల్లకుండా పోయిందని నేననుకోను. లిగాండ్ వల్ల లోహం ఎలక్ట్రాన్లతో ఎంత నిండిందో అది చెబుతుంది. ఉత్ప్రేరకానికి లిగాండ్ ఎంచుకునేవారికి కావలసిందీ అదే. లిగాండ్ ఎంత గట్టిగా పట్టుకుందన్నది వేరే ప్రశ్న. ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్‌నే చూడండి. టోల్మన్ జాబితాలో అది పిసినారి. ఇచ్చేది తక్కువ, నికెల్ నుంచి వెనక్కి తీసుకునేది ఎక్కువ. అయినా అవే నాలుగు చుట్టూ చేరిన నికెల్ సమ్మేళనం స్థిరంగా నిలుస్తుంది.