బాలయ్య నెల జీతం

‘మా నాయన బాలయ్య’ ప్రస్తావన వస్తే చాలు, రెండో వాక్యానికల్లా ‘ఇన్‌స్పైరింగ్’ అనే మాట వచ్చి కూర్చుంటుంది. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు బుక్ క్లబ్‌లో కూడా అంతే. పక్క టీముల్లో మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతున్న రోజులు. ఇలాంటప్పుడు సొంత కాళ్ల మీద నిలబడటం ఎలాగో చెప్పే పుస్తకం కావాలని ఎవరో దీన్ని సూచించారు. గంటసేపు చర్చలో పట్టుదల వచ్చింది, క్రమశిక్షణ వచ్చింది, చదువు విలువ వచ్చింది. రైల్వే అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఈ పుస్తకంలోంచి రైల్వేని తీసేస్తే ఇంకేం మిగులుతుందో నాకు అర్థం కాదు.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. వై.బి. సత్యనారాయణ గారు దీన్ని ముందు ఇంగ్లీషులో రాశారు, 2011లో హార్పర్‌కాలిన్స్ వేసింది. తెలుగులోకి తెచ్చింది పి. సత్యవతి గారు, ప్రచురణ హైదరాబాద్ బుక్ ట్రస్ట్. ఇంగ్లీషు ‘ఫాదర్’లో లేని చనువు, భయం రెండూ ‘నాయన’లో ఉన్నాయి. అందుకే నేను తెలుగు ప్రతినే ఇష్టపడతాను. కరీంనగర్ జిల్లా వంగపల్లిలో ఒక మాదిగ కుటుంబం. నర్సయ్య తండ్రి చెప్పులు కుట్టి నిజాంకి సమర్పించుకుంటే, ఆయన మెచ్చి 50 ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర దాన్ని దక్కనివ్వలేదు. మిగిలింది 2 ఎకరాలు. 21 ఏళ్ల నర్సయ్య ఊరు వదిలాడు, కుటుంబం రైలు పట్టాల వెంట పడింది. అతని కొడుకు బాలయ్య రైల్వేలో పాయింట్స్‌మన్. బాలయ్య కొడుకులు యూనివర్సిటీ దాకా వెళ్లారు.

ఇప్పుడు ఆ 50 ఎకరాల దగ్గర కాసేపు ఆగండి. మనం మామూలుగా చెప్పుకునే స్వావలంబన కథలో ఉండాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి. చేతిలో పని ఉంది, ఆ పనిలో నేర్పు ఉంది, నేర్పుకి రాజు దగ్గర గుర్తింపు వచ్చింది, గుర్తింపు ఆస్తిగా మారింది. అయినా నిలవలేదు. దొరకి ఎదురు నిలబడే బలం వెనకాల లేనప్పుడు ఆస్తి ఎంత పెద్దదైతే అంత ప్రమాదం. పుస్తకంలో నన్ను ఎక్కువ వెంటాడింది ఈ భాగమే. దీన్ని ‘అప్పటి దుర్మార్గం’ అని దాటేసి బాలయ్య లాంతరు వెలుగులోకి పరిగెత్తే పాఠకులంటే నాకు కొంచెం చిరాకు.

అమెరికా నల్లవాళ్ల చరిత్ర చదువుతుంటే వంగపల్లి మాటిమాటికీ గుర్తొస్తుంది. బానిసత్వం పోయిన 1865లోనే వాళ్ల పొదుపు కోసం ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ పెట్టారు. పైసా పైసా కూడబెట్టి వేశారు. పైన కూర్చున్నవాళ్లు ఆ డబ్బుని నిలవని అప్పులకి ఇచ్చారు, 1873లో మాంద్యం వచ్చింది, 1874లో బ్యాంక్ మూతపడింది. 60 వేల మందికి పైగా ఖాతాదారులు నష్టపోయారు. 1921లో టల్సా ఊళ్లో గ్రీన్‌వుడ్ అనే పేట. నల్లవాళ్ల సొంత దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు. తెల్లవాళ్ల మూక రెండు రోజుల్లో 35 బ్లాకులు తగలబెట్టింది. మరీ పాత సంగతులు అనుకుంటే 2008 ఉంది కదా. ప్యూ సంస్థ లెక్క ప్రకారం 2005 నుంచి 2009 మధ్య నల్ల కుటుంబాల మధ్యస్థ సంపద 53 శాతం పడిపోయింది, తెల్ల కుటుంబాలది 16 శాతం. ఉన్న కాస్త సంపదా ఇంటి రూపంలోనే ఉంది, ఆ ఇంటి విలువే కూలింది. ‘మన డబ్బు మన వాళ్ల మధ్యే తిరగాలి’ అనే నినాదం ప్రతి మాంద్యంలోనూ అక్కడ మళ్లీ పుడుతుంది. అందులో ఆత్మగౌరవం ఉంది, కాదనను. కానీ తిరగడానికి ముందు ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి?

దానికి వాళ్ల చరిత్రలోనే ఒక జవాబు ఉంది, అదీ రైలు మీదే. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో పక్కలు వేసి, బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరూ నల్లవాళ్లే. పేరు పెట్టి పిలవకుండా అందరినీ ‘జార్జ్’ అనేవారు. అంత అవమానంలోనూ అది ఆగకుండా వచ్చే ఆదాయం, అది ఊరూరా తిరిగే ఉద్యోగం. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్లు యూనియన్ పెట్టుకున్నారు. పుల్‌మన్‌తో ఒప్పందం కుదిరేసరికి 1937 అయింది, అంటే మహామాంద్యం మధ్యలో. నల్లజాతి మధ్యతరగతిలో చాలా కుటుంబాలు ఆ పోర్టర్ల ఇళ్లలోంచే వచ్చాయి. బాలయ్యని వాళ్ల పక్కన నిలబెట్టి చూడండి. పాయింట్స్‌మన్ జీతం చిన్నదే. బదిలీలు, ఒక్క గది క్వార్టర్, నిండా పిల్లలు. రైల్వే కాలనీలో కులం మాయమైపోలేదు. కానీ ఆ జీతం మీద దొర చెయ్యి వెయ్యలేడు. యాభై ఎకరాలు ఇవ్వలేని భద్రత ఒకటో తారీఖు ఇచ్చింది. బాలయ్య పట్టుదలని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆ పట్టుదల కాలు మోపడానికి అంత గట్టి నేల దొరికింది అంటున్నాను. అదే పట్టుదల ఉన్నవాళ్లు వంగపల్లిలో ఇంకెందరు ఉండి ఉంటారు? వాళ్ల గురించి పుస్తకాలు రాలేదు.

హైదరాబాద్‌లో ఆ కాలంలోనే ఇంకో దారి కూడా నడిచింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలితో మొదలుపెట్టి, దళిత పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో ఇరవైకి పైగా బడులు నడిపాడు. ఉర్దూ రాజ్యంలో తెలుగు బడులు! 1929 తర్వాత మాంద్యం ప్రపంచాన్ని పిండుతున్న ఏళ్లలోనే, 1931లో, ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టాడు. ఆయనది గుంపుగా నిలబడే పద్ధతి. బాలయ్యది కుటుంబాన్ని ఒడ్డున వేసే పద్ధతి. నాకు ఇద్దరూ కావాలి. అయితే కుటుంబం గట్టెక్కడాన్ని జాతి గట్టెక్కడంగా చదివే అలవాటు మనకి ఉంది. ‘మా నాయన బాలయ్య’కి వచ్చిన మెచ్చుకోళ్లలో చాలావాటి నిండా ఆ అలవాటే.

కొవిడ్ దెబ్బ ఇంకా ఆరకముందే, 2021లో, తెలంగాణలో దళిత బంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు, హుజూరాబాద్‌లో పైలట్. ఉప ఎన్నిక కోసమే అన్నారు, నిజమే కావచ్చు. డబ్బు చేతికి రావడాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, ట్రాలీలు తీసుకున్నారు. అద్దం మీద ‘దళిత బంధు’ అని రాసున్న బండి వెనక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆ 50 ఎకరాలే గుర్తొస్తాయి. ఇప్పుడు గుంజుకోవడానికి దొర రానక్కర్లేదు. డీజిల్ రేటు, యాప్ కమిషన్, ఒక యాక్సిడెంట్ చాలు. పథకం రాసినవాళ్లకి ఇది తెలియక కాదు. ఒక్కొక్కరి వాటాలోంచి 10 వేలు, ప్రభుత్వం అంతే కలిపి, రక్షణ నిధి అని పెట్టారు. పథకం మొత్తంలో నాకు నచ్చింది ఆ చిన్న క్లాజే. పదిమంది కలిసి ఒకరి నష్టాన్ని మొయ్యాలనే ఆలోచన అక్కడ ఒక్కచోటే కనపడింది.

మాదీ మాదిగ కుటుంబమే. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. నేను 2008లో, సరిగ్గా అప్పటి రెసెషన్ ఏడాదే, స్కాలర్‌షిప్ మీద ఇంజినీరింగ్‌లో చేరాను. క్యాంపస్‌కి కంపెనీలు వస్తాయో రావో అని అందరూ బిక్కుబిక్కుమంటుంటే నేను మాత్రం తిని పడుకునేవాణ్ణి. కారణం నా ధైర్యం కాదు, డిపో జీతం. ఇప్పుడు నాకు నాన్న కంటే ఎన్నో రెట్లు జీతం వస్తుంది, కానీ అది ఎన్ని నెలలు వస్తుందో ఒక మెయిల్ మీద ఆధారపడి ఉంటుంది. ఈ టవర్లలో రిజర్వేషన్ లేదు. మా ఫ్లోర్ ఊడ్చే అక్కకి ఏజెన్సీ కాంట్రాక్టు తప్ప ఇంకో కాగితం లేదు. ఆమె పిల్లాడికి బాలయ్య కథ చెప్పి ‘కష్టపడు’ అనడం సులువు. బాలయ్యకి దొరికిన ఉద్యోగం లాంటిది ఆమెకి ఎవరు చూపిస్తారు?

పుస్తకం మీద నా ఫిర్యాదులు కూడా చెప్పాలి. ఒకటి, వేగం. మొదటి తరం కథలో ఉన్న ఊపిరి, పిల్లల డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బయోడేటాలా సన్నబడుతుంది. రెండోది పెద్దది. పేరులోనే నాయన ఉన్నాడు కాబట్టి ఆయన మధ్యలో ఉండటం సహజమే. కానీ బదిలీ అయిన ప్రతిసారీ ఆ ఒక్క గదిని ఇల్లుగా మార్చింది, ఆ చిన్న జీతాన్ని అంతమంది కడుపులకి సాగదీసింది ఎవరు? ఆ తల్లి శ్రమ పుస్తకం పక్కనుంచే నడుస్తుంది, లోపలికి పూర్తిగా రాదు. ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అని గోగు శ్యామల తన కథల సంపుటికి పేరు పెట్టుకున్నారు. ఈ రెండు పుస్తకాలూ ఒకదాని వెంట ఒకటి చదవమని నేను అందరికీ చెప్తుంటాను, అదీ శ్యామల కథలు ముందు చదివి. అప్పుడు బాలయ్య జీతం ఇంటికి వచ్చాక ఏమైందో కూడా చూడాలనిపిస్తుంది.