‘గిరిజన సమస్యలు’ – పేరు పెట్టింది ఎవరు?

డీఎడ్, బీఎడ్, గ్రూప్స్ పరీక్షలకు చదివే మన యువతకు ‘గిరిజన సమస్యలు’ అనే పాఠం బాగా తెలుసు. నిరక్షరాస్యత, పేదరికం, అప్పులు, తాగుడు, మూఢనమ్మకాలు, పోడు, భూమి అన్యాక్రాంతం అని వరుసగా ఉంటాయి. బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ ఆ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. తాగుడూ భూమి పోవడమూ పక్కపక్కనే ఉన్నాయి. తాగుడు మన అలవాటు కావచ్చు. భూమి మాత్రం తనంతట తాను పోదు, ఎవరో ఒకరి చేతికి వెళ్తుంది. పాఠంలో భూమి పోగొట్టుకున్నవాడు ఉన్నాడు, తీసుకున్నవాడు లేడు.

ఇది రాసినవారి పొరపాటు మాత్రమే కాదు. సమస్యను ఏ చూపుతో చూశారన్నదే అసలు విషయం. సిద్ధాంతం అంటే పరీక్షలో రాసే నిర్వచనం కాదు. కారణాన్ని ఎక్కడ వెతకాలో చెప్పేది సిద్ధాంతం. మన భూమి సంగతినే తీసుకుని ఒక్కో సిద్ధాంతం ఎక్కడ వెతుకుతుందో చూద్దాం.

ఆస్కార్ లూయిస్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ‘పేదరిక సంస్కృతి’ అన్నాడు. పేదల అలవాట్లు తరం నుంచి తరానికి అందుతూ పేదరికాన్ని నిలబెడతాయని ఆ వాదన. మన ఊళ్ళలో ‘వీళ్ళకు రేపటి గురించి ఆలోచన లేదు’ అనే మాట దాని చుట్టమే. 1971లో విలియం రయాన్ దీన్ని గట్టిగా ఖండించాడు. ఇది బాధితుడినే నిందించడం అన్నాడు. ప్రకార్యవాదులు రోడ్డు, సంత, డబ్బు వచ్చి పాత కట్టుబాట్లు సడలాయని, సమాజం కొత్త సమతుల్యం కోసం వెతుక్కుంటోందని చెబుతారు. అందులో కొంత నిజముంది. కానీ ఆ మార్పులో ఎవరు లాభపడ్డారో అడగరు. సంఘర్షణ సిద్ధాంతం సరిగ్గా అదే అడుగుతుంది. అప్పు ఎవరిచ్చారు? వడ్డీ ఎంత? కాగితం ఎవరి భాషలో రాశారు? ముద్ర వేసే సిద్ధాంతం మరో సంగతి చూపిస్తుంది. ‘అమాయకుడు’ అని పేరు పడ్డవాడి మాటను ఆఫీసులో ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

ఈ ప్రశ్నలు చదువుకే పరిమితం కావు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం చనిపోయాక, ఆదిలాబాద్ గోండుల మధ్య హైమండార్ఫ్ పనిచేశాడు. గోండుల స్వభావమే తిరుగుబాటు అని ఆయన రాసి ఉంటే పోలీసు ఠాణాలు పెరిగేవి. ఆయన వెతికింది భూమినీ అటవీ సిబ్బంది వేధింపులనూ. అందుకే గోండులకు పట్టాలు, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ వచ్చాయి. కారణం వెతికిన చోటే పరిష్కారమూ మొదలవుతుంది.

రాజకీయ దృక్పథాలూ ఇంతే. ఘుర్యే 1943లో మనల్ని ‘వెనుకబడిన హిందువులు’ అన్నాడు. విలీనమే దారి అని ఆయన ఉద్దేశం. వెరియర్ ఎల్విన్ మొదట్లో బైగాలను బయటివారి నుంచి కాపాడి వేరుగా ఉంచాలన్నాడు. నెహ్రూ మధ్యేమార్గం ఎంచుకున్నాడు. మన భూమి, అడవి హక్కులను గౌరవించాలని ఆయన పంచశీల సూత్రాల్లో ఉంది. వీరి మధ్య తేడాలు ఎన్ని ఉన్నా, మనల్ని ఏం చేయాలో నిర్ణయించేది మాత్రం మనం కాదు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆదివాసీగా నిలబడి మాట్లాడింది అందుకే ముఖ్యం.

ఈనాటి వాదాలనూ ఇలాగే పరీక్షించాలి. 1959 భూబదిలీ నిబంధనకు సవరణగా వచ్చిన 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోకూడదు. గిరిజనేతరుని చేతిలోని భూమి ఆదివాసీ నుంచే వచ్చిందని, కాదని అతను రుజువు చేసేదాకా, చట్టం భావిస్తుంది. అంటే ఈ చట్టం సంఘర్షణ చూపుతో రాసినది. మార్కెట్ వాదులు ‘ఈ నిబంధన వల్లే ఆదివాసీకి బ్యాంకు అప్పు పుట్టడం లేదు, ఎత్తేయాలి’ అంటారు. అప్పు దొరకదన్న ఇబ్బంది నిజమే, కొట్టిపారేయకూడదు. కానీ అమ్ముకునే స్వేచ్ఛ వస్తే కొనే శక్తి ఎవరికుందో కూడా అడగాలి. వామపక్షం భూమి ప్రశ్నను ధైర్యంగా ఎత్తింది, దానికోసం ప్రాణాలిచ్చినవారూ ఉన్నారు. అయితే మనల్ని పేద రైతులుగా మాత్రమే చూసినప్పుడు మన భాష, మన దేవతలు, మన ఊరి పంచాయతీ దానికి కనిపించలేదు.

మరి మన సొంత చూపు? ‘మా ఊళ్ళో మా రాజ్యం’ అనే మాటకు 1996 పెసా చట్టం బలమిచ్చింది. 1997 సమతా తీర్పు, ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం ప్రభుత్వానికీ కుదరదని తేల్చింది. ఇవి మన గెలుపులే. కానీ ఈ చూపుకూ కనపడనివి ఉన్నాయి. హిందూ వారసత్వ చట్టం మనకు వర్తించదు. చాలా తెగల ఆచారంలో ఆడపిల్లకు భూమిలో వాటా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలంటుంది. మన పెద్దమనుషులు ఇంట్లోని మిగతా భూమి దగ్గర ఆ మాట ఎందుకు ఎత్తరు? చెంచులకూ కొలాములకూ అందనిది మనలో ముందుకెళ్ళిన తెగలకు ఎలా అందుతోంది? బయటివారిని అడిగే ప్రశ్న మనల్ని మనం అడగకపోతే అది విమర్శ కాదు, నినాదమే.

అందుకే సోదర ఉపాధ్యాయులకు, యువతకు ఒక మనవి. పరీక్షకు పాఠంలో ఉన్నదే రాయండి, మార్కులు అవసరమే. తరగతిలో మాత్రం పిల్లలతో ఊళ్ళోని ఒక చేను గురించి తెలుసుకోమనండి. తాత కాలంలో ఎవరు దున్నారు, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు, మధ్యలో ఏ కాగితం పుట్టింది, ఆ కాగితం మీద ఎవరు వేలిముద్ర వేశారు, ఇంట్లో ఆడవాళ్ళను ఎవరైనా అడిగారా? జవాబులు వచ్చాక ఏ సిద్ధాంతం ఎంతవరకు సరిపోతుందో వాళ్ళే తేలుస్తారు. ఆ రోజు ‘గిరిజన సమస్యలు’ అనే శీర్షిక బోర్డు మీద రాసి, దాన్ని మార్చాలా, మారిస్తే ఏ పేరు పెట్టాలా అని పిల్లలనే అడగండి.