బడి బయట నా పేరు

రామతీర్థంలో టీచరు గుడికెళ్లినా టీచరే. భీష్మ ఏకాదశినాడు సీతారాముల కల్యాణానికి నెల్లిమర్ల మండలంలో సగం ఊళ్లు అక్కడే ఉంటాయి. అక్షింతలు వేసి ఇటు తిరిగేసరికి ఎవరో ఒకరు అడుగుతారు. "మేడంగారూ, మా గుంటడికి తల్లికి వందనం డబ్బులు పడ్నేదమ్మా, ఒకపాలి సూడండి." శివరాత్రి జాగారంలోనూ ఇంతే, విజయనగరం వెళ్లే బస్సులోనూ ఇంతే. అడిగేవాళ్లని నేనెప్పుడూ తప్పుపట్టను. ఆధార్‌కీ బ్యాంకు ఖాతాకీ మధ్య ఎక్కడ తెగిందో చెప్పగలిగిన మనిషి ఆ కుటుంబానికి టీచరొక్కరే. ఆ నమ్మకం చాలా పెద్దది. కాకపోతే ఏళ్ల తరబడి ఇలా పిలిపించుకున్నాక, ఆ పిలుపు వెనకాల ఇంకో మనిషి ఉండేదన్న సంగతి మనకే గుర్తుండదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. టీచరు పని వారానికి 45 గంటలని దాని షెడ్యూలులో రాశారు. పాఠం తయారుచేసుకొనే సమయం కూడా అందులోనే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు మాకు చెప్పకూడదని 27వ సెక్షను. రాతలో అంతా బాగానే ఉంది. ఆ చట్టం రాసిన నాటికి టీచరు చేతిలో స్మార్ట్‌ఫోను లేదు. మన రాష్ట్రంలో 2022 నుంచి ముఖం ఫోటోతో హాజరు. మధ్యాహ్న భోజనానికి ఫోటో, కొన్నాళ్లపాటు మరుగుదొడ్డికీ ఫోటో, రాత్రి తొమ్మిదికి వాట్సాప్ గ్రూపులో "రేపు పదింటికల్లా పంపాలి" అని ఒక ఫార్మాటు. 45 గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో ఎవరూ చెప్పలేరు.

ముందు ఒంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే దాన్నే అందరికంటే వెనక్కి నెడతాం. పల్లె బళ్లలో పనిచేసే ఆడ టీచర్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగనివాళ్లు నాకు చాలామంది తెలుసు. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందన్న భయం. సరైన దొడ్డి లేని రోజుల్లో మొదలైన ఆ అలవాటు దొడ్డి కట్టాక కూడా పోలేదు. ఆపైన గొంతు. నలభై మంది అల్లరి మీదుగా అరిచి చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక సొంత పిల్లలతో మాట్లాడటానికి గొంతు లేనివాళ్లు. మంచినీళ్ల సీసా బల్లమీద పెట్టుకొని గంటకోసారి గుక్కెడు తాగడం, పిల్లలు సద్దుమణిగేదాకా నోరు తెరవకుండా నిలబడటం, ఈ రెండూ చిన్న పనులే. చేసితీరాల్సిన పనులు.

ఒంటిని చూసుకున్నా మిగిలిపోయేది ఒకటుంది. నాకది వీణ దగ్గర తెలిసింది.

నలభై దాటాక వీణ నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా గురువుగారు విజయనగరం కోట దగ్గర సందులో ఉండే పెద్దావిడ. ఆమెది బొబ్బిలి వీణ. పనసమొద్దునే తొలిచి ఒకే దుంగలోంచి తీసిన ఏకాండి వీణ. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో అలాంటివి ఇప్పటికీ చేస్తారు. చాపమీద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంటే బరువు మొదట మోకాలికి తెలుస్తుంది. మాయామాళవగౌళలో సరళీస్వరాలు. ఏడేళ్ల పిల్లలు మొదలుపెట్టేచోటే నేనూ మొదలుపెట్టాను. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు తంత్రిమీద ఆనించి మెట్టు నుంచి మెట్టుకు జరపాలి. మొదటి నెలల్లో వేళ్ల చివర చర్మం చీరుకుపోతుంది. కొబ్బరినూనెలో తడిపిన దూది పక్కనే పెట్టుకొని వేలు అద్దుకుంటూ వాయించాలి. తర్వాత అక్కడే గీతలు పడి గట్టిపడుతుంది. కుడిచేతి వేళ్లు మీటుతుంటే చిటికెనవేలు తాళతంత్రుల్ని చూసుకోవాలి. రెండు చేతులూ చెవీ ఒకచోటికి వచ్చేసరికి ఆ గంటలో ఇంకో ఆలోచనకు చోటుండదు. పంపాల్సిన ఫార్మాటు ఉంటే ఉండనీ, మనసు దానిమీదకు పోలేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆ ఇంట్లో వినిపించే పిలుపు. గురువుగారు నన్ను పేరుపెట్టి పిలుస్తారు. మా అమ్మ పోయాక ఆ పేరును పూర్తిగా, ముద్దుగా పలికినవాళ్లు లేరు. ఇంట్లో "అమ్మా", అత్తవారి వైపు "కోడలా", బయట "మేడం". "వేలు ఎత్తకు, జార్చు. మళ్లీ అను" అంటారామె. తప్పు వాయిస్తే కసురుకోరు, బాగా వాయిస్తే మెచ్చుకోరు, మళ్లీ అనమంటారు. పొద్దంతా అందరి తప్పులూ దిద్దిన మనిషికి తన తప్పు ఒకరు దిద్దుతుంటే దొరికే విశ్రాంతి నిద్రలో కూడా దొరకదు. ఆ గంట నా మీద ఎవరి భవిష్యత్తూ ఆధారపడి లేదు.

వీణ సంగతి తెలిసి తోటి టీచర్లు రెండు మాటలన్నారు. "వార్షికోత్సవంలో వాయించు" అన్నది మొదటిది. నేను ఒప్పుకోలేదు. బడికి వెళ్లిన మరుక్షణం అది కార్యక్రమం అయిపోతుంది, దానికీ ఒక ఫోటో పంపాల్సి వస్తుంది. "దీనివల్ల మంచి టీచరువవుతావు" అన్నది రెండోది. ప్రేమతోనే అన్నారు. కానీ నేను వీణ పట్టుకోవడానికి ఆ కారణం నాకు అక్కర్లేదు. టీచరు తినే తిండి, పోయే నిద్ర, చదివే పుస్తకం అన్నీ పిల్లల ఫలితాల కోసమే అని సమర్థించుకోవాల్సిన పని లేదు. కొన్ని కేవలం మనవి.

మన ప్రాంతంలో టీచరు ఉద్యోగం పక్కన సొంత వ్యాపకం పెట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. జీతానికి చెప్పింది బళ్లో పాఠాలు. సొంతానికి నేర్చుకున్నది సవర గిరిజనుల భాష. పై అధికారి చెప్పలేదు, సిలబస్‌లో లేదు. సవరలను ఇంట్లో పెట్టుకొని, పంతులే శిష్యుడై, వాళ్ల మాట వింటూ రాసుకున్నారు. ముఖలింగం గుడి గోడలమీది శాసనాలు చదవాలనిపించి పాత లిపులు తనంతట తాను నేర్చుకున్నారు. ఉద్యోగం 1911లో వదిలేశారు. ఆయన సవరభాషా వ్యాకరణం వచ్చింది 1931లో. ఉద్యోగం వదిలిన ఇరవై ఏళ్లకు కూడా ఆయన చేతిలో చేయదగ్గ పని ఉంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ గుర్తుంది. ఆ సవర చదువు టీచర్లకైనా గుర్తుండాలి.

అదే జీవితంలో ఇంకోటి కూడా ఉంది. సవర కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకొని, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. భాషను చెవితో పట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఎంత బాధో ఊహించలేను. సన్మాన సభల్లో దీన్ని త్యాగంగా చెబుతారు. నాకు దాన్ని ఆదర్శంగా చెప్పడానికి మనసొప్పదు. ఆయన జిజ్ఞాస తీసుకుందాం. ఒంటిని అలా ఇచ్చెయ్యమని ఏ కుర్ర టీచరుకీ చెప్పొద్దు.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి విజయనగరంలో ఒక మాట చెప్పుకుంటారు. 1919లో పెట్టిన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే ఆయన వాయిద్యం విని ఉపాధ్యాయుడిగా ఉండమన్నారట. 1936లో దానికే ప్రిన్సిపాల్ అయ్యారు. పదవి ఏదైనా ఊరి నోట్లో ఆయన ఫిడేలు నాయుడుగారే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి మొదట విజయనగరంలో డ్రిల్లు మాస్టారు. ఆయన సర్కసే పెట్టేశారు. అందరం ఉద్యోగం వదలక్కర్లేదు గానీ, వదిలినా మిగిలే మనిషి ఒకరు లోపల ఉండాలి.

పని మధ్యలో ఆగడం ఎలాగో మా రామతీర్థమే చెబుతుంది. అక్కడ రాముడి గుడి ఉన్న బోధికొండ దాటి చూస్తే గురుభక్తులకొండ. ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు అక్కడున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ వాటిని తవ్వించాడు. భిక్షువులు ఊరూరా తిరిగి చెప్పేవాళ్లు. వానాకాలం మూడు నెలలు మాత్రం తిరగకూడదు, ఒకచోట ఉండి ధ్యానం చేసుకోవాలి. వర్షావాసమంటే అదే. ఆగడం వాళ్లకు నియమంలో భాగం, ఒకరు దయతలచి ఇచ్చింది కాదు. మా వేసవి సెలవులు అలా ఉండాల్సినవి. ఇప్పుడు వాటిలో శిక్షణలు, చేరికల ప్రచారం, ఆన్‌లైన్ నమోదు. జూన్ 12న బడి తెరిచేసరికి సెలవు తీసుకున్న మనిషి ముఖంలా ఒక్కరి ముఖమూ ఉండదు.

విద్యాశాఖ అధికారులకు నాది ఒకటే విన్నపం. సాయంత్రం ఆరు తర్వాత గ్రూపుల్లో సందేశం పెట్టకండి. పెట్టినా మర్నాటి బడివేళలోనే జవాబు అడగండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ఆ సమయం టీచరుకు వదిలేస్తే చాలు.

మెగా డీఎస్సీ 2025లో ప్రకటించిన 16,347 పోస్టుల్లో చేరి మా జిల్లాలకు వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇంకోమాట. ఏళ్లపాటు కోచింగు గదుల్లో కూర్చుని చదివారు, చాలామంది ఆ చదువు కోసం ఆటో పాటో కుట్టుపనో మానేశారు. ఉద్యోగం వచ్చింది కాబట్టి మానేసింది మళ్లీ మొదలుపెట్టండి. తప్పెటగుళ్లు కావచ్చు, కబడ్డీ కావచ్చు, పెరట్లో బీరపాదు కావచ్చు. మీ పేరుతో పిలిచే ఒకరి దగ్గర నేర్చుకోండి. స్టేటస్‌లో పెట్టకండి, బళ్లో చెప్పకండి. పెళ్లయి పిల్లలు పుట్టాక చూద్దాం అనుకోకుండా, మొదటి జీతం నెలలోనే మొదలుపెట్టండి.